దీపాలు ఆపి ఉన్నా కరెంటు పోయే ఇల్లు: ఒక తోట వైరింగు కేసు

ఈ కేసులో మొదటిసారి వెళ్లినప్పుడే నేను ఒక లోపాన్ని పట్టుకున్నాను, సరిచేశాను. అది నిజమైన లోపమే. అయినా ఇంటివాళ్ల బాధ తీరలేదు. ఆ తోటలో పైకి ఒకేలా కనిపించే లోపాలు రెండు ఉన్నాయి. మొదటిది దొరకగానే రెండోదాన్ని వెతకడం మానేశాను. ఆ పొరపాటు ఎక్కడ జరిగిందో, ఏ ఆలోచన వల్ల జరిగిందో వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను. ఇంటివాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం నా పుస్తకంలో రాసుకున్నవే.

నేపథ్యం

ఒక అంతస్తు ఇల్లు. ముందు, పక్కన తోట. తోటలో మొత్తం 14 దీపాలు: నడక దారి వెంబడి మోకాలి ఎత్తు లోహపు స్తంభాల దీపాలు 9, చెట్ల మొదళ్ల దగ్గర నేలలో గుచ్చినవి 4, గోడ మీద 1. అన్నీ 230 వోల్టుల మీద నడిచే ఎల్ఈడీలే. బోర్డులో వీటికి ఒక ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తెంచే స్విచ్చు) ఉంది, ఆ తర్వాత వరండాలో ఒక మామూలు స్విచ్చు. అక్కడి నుంచి కేబుల్ భూమిలోకి దిగి ఒక జంక్షన్ బాక్సుకు చేరుతుంది. బాక్సు దగ్గర రెండు శాఖలవుతుంది. ఒకటి చెట్ల వైపు, గోడ వైపు వెళ్తుంది, రెండోది స్తంభాల వైపు. స్తంభాల శాఖ గొలుసు లాంటిది. ఒక స్తంభంలోకి వచ్చిన కేబుల్ అక్కడి నుంచే తర్వాతి స్తంభానికి వెళ్తుంది.

ఇంటి మొత్తానికి ఒకే ఒక ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లది. ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి అది చేసే పని ముందే చెబుతాను. ఫేజులో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్నదొక్కటే అది చూస్తుంది. కొంత తిరిగి రాకపోతే, అది ఎర్తు గుండానో, తడి నేల గుండానో, మనిషి ఒంటి గుండానో పోయిందని అర్థం. ప్రమాణం ప్రకారం తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకన్లలోపు అది పడిపోవాలి, అంటే కరెంటును తెంచేయాలి. 15 వరకు పడకూడదు. 15కూ 30కీ మధ్య ఎక్కడ పడినా తప్పు పట్టడానికి లేదు. ఈ మధ్య ఖాళీని గుర్తు పెట్టుకోవాలి. ‘ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు’ అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంటుంది.

వచ్చిన సమస్య

వానలు మొదలైన దగ్గర్నుంచి ఆర్‌సీసీబీ పడిపోతోంది. ఎక్కువగా సాయంత్రం తోట దీపాలు వేసిన కాసేపటికి. కొన్నిసార్లు గంట దాటాక. కొన్ని రోజులు అసలు పడదు. ఇంటావిడ ఇంకొక మాట కూడా చెప్పారు: అప్పుడప్పుడు ఉదయం పూట కూడా పోతోందని. ఆ మాట నా పుస్తకంలో ఉంది, కింద గీత కూడా గీసి ఉంది. గీత గీసి ఊరుకున్నాను.

నాకు ముందు ఇద్దరు చూశారు. ఒకరు ఆర్‌సీసీబీ పాడైందని కొత్తది బిగించారు. ఇంకొకరు రెండు దీపాలు మార్చారు. అవి మళ్లీ పాడైతే మళ్లీ మార్చారు. చివరికి, ‘ఆర్‌సీసీబీ తీసేసి నేరుగా కలిపేద్దాం, ఎంసీబీ ఉందిగా’ అని సలహా ఇచ్చారట. ఆవిడ ఒప్పుకోకపోవడం మంచిదైంది. ఎంసీబీ ఓవర్‌లోడునూ షార్టునూ చూసుకుంటుంది. 6 ఆంపియర్ల ఎంసీబీకి, తడి గడ్డి మీద చెప్పులు లేకుండా నిలబడి లోహపు స్తంభాన్ని పట్టుకున్న మనిషి గుండా పోయే కరెంటు లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ పడిపోవడం ఆ ఇంట్లో జబ్బు కాదు. జబ్బు ఉందని చెబుతున్నది అదొక్కటే.

మొదటి రాక

నేను వెళ్లేసరికి వాన ఆగి నాలుగు రోజులైంది. పైన మట్టి పొడిగా ఉంది. ఈ వివరం అప్పుడు నాకు అనుకూలంగానే తోచింది, పని సులువవుతుందని.

ముందు ఆర్‌సీసీబీని పరీక్షించాను. దాని మీద ఉండే టెస్టు బటన్ నొక్కితే లోపలి యంత్రం కదులుతోందని మాత్రమే తెలుస్తుంది. ఎంత కరెంటుకు పడుతోందో తెలియాలంటే పరీక్షించే మీటరు కావాలి. 23 మిల్లీ ఆంపియర్ల దగ్గర పడింది. 30 ఇచ్చినప్పుడు 26 మిల్లీ సెకన్లలో పడింది. పరికరం ఆరోగ్యంగా ఉంది. పాతది కూడా బహుశా ఆరోగ్యంగానే ఉండేది.

తర్వాత తోట సర్క్యూటును బోర్డు దగ్గరే విడదీశాను. మూతలేవీ తీయకుండా ముందు కొలవడం నాకు అలవాటు. తడి వల్ల వచ్చే లోపాల్లో మూత తీసి గాలి తగలనిస్తే సాక్ష్యం ఆరిపోతుంది. ఫేజు, న్యూట్రల్ తీగల్ని ఒకటిగా కలిపి, ఆ జతకూ ఎర్తుకూ మధ్య 500 వోల్టుల మెగ్గర్ పెట్టాను. తీగ మీది తొడుగు కరెంటును ఎంత గట్టిగా అడ్డుకుంటోందో అది ఓమ్‌లలో చెబుతుంది, అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. రెండింటినీ ఎందుకు కలుపుతారని నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు అడిగాడు. విడివిడిగా పెడితే ఆ 500 వోల్టులు ఎల్ఈడీ డ్రైవర్ల (దీపంలో కరెంటును సర్దే చిన్న సర్క్యూట్ల) మీద పడి వాటిని చంపవచ్చు. కలిపి పెడితే డ్రైవరుకు రెండు వైపులా ఒకటే వోల్టేజీ ఉంటుంది.

కనీసం 1 మెగా ఓమ్ ఉండాల్సిన చోట 0.01 చూపించింది. మల్టీమీటరుతో చూస్తే 11 కిలో ఓమ్‌లు. 230ని 11,000తో భాగిస్తే దాదాపు 21 మిల్లీ ఆంపియర్లు. సరిగ్గా ఆ మధ్య ఖాళీలో ఉంది. ఇంట్లో కంప్యూటరు, టీవీ లాంటి వాటి ఫిల్టర్ల నుంచి మామూలుగా కారే కరెంటు కొన్ని మిల్లీ ఆంపియర్లు దానికి తోడవుతుంది. ఇంట్లో ఏమేం నడుస్తున్నాయన్న దాన్ని బట్టి ఒక సాయంత్రం పడుతుంది, ఇంకో సాయంత్రం పడదు. లెక్క కుదిరింది.

శాఖలు విడిపోయేది జంక్షన్ బాక్సులోనే కాబట్టి అక్కడికి వెళ్లాం. పూల పాదులో మట్టి కింద, వేలెడు లోతులో ఉంది. మూత మీద ఐపీ65 అని అచ్చు ఉంది. ఆ అంకెల్లో 6 అంటే దుమ్ము చొరబడదని, 5 అంటే నీటి ధార తగిలినా లోపలికి నీరు పోదని. నీటిలో మునిగి ఉండగలదని ఆ 5కు అర్థం కాదు. పైగా ఆ రక్షణ బాక్సును సరిగ్గా బిగించినప్పుడే నిలుస్తుంది. ఇక్కడ ఒకే గ్లాండులోంచి, అంటే కేబుల్ లోపలికి వచ్చే చోట బిగించే మూతిలోంచి, రెండు కేబుళ్లు దూర్చారు. గ్లాండులోని రబ్బరు వలయం ఒక గుండ్రటి కేబుల్‌ను పట్టుకోవడానికి చేసింది. రెండింటిని పక్కపక్కన పెడితే వాటి నడుమ మూడు మూలల సందు మిగిలిపోతుంది. వలయాన్ని ఎంత బిగించినా ఆ సందు మూసుకోదు.

మూత తీస్తే అడుగున రెండు వేళ్ల ఎత్తు నీరు. అది నిండుగా కురిసిన వాన నీరే కానక్కర్లేదు. ఖాళీ బాక్సు ఊపిరి పీలుస్తుంది. పగటి ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక తేమ గాలిని లోపలికి లాక్కుంటుంది. ఆ తేమ గోడల మీద చెమరుస్తుంది, కిందికి జారి అక్కడే ఉండిపోతుంది. నెలల తరబడి అలా పోగవుతుంది. మట్టి ఆరినా బాక్సు ఆరదు.

జాయింట్లకు చుట్టిన నల్ల టేపు జిగురు కరిగి జారిపోయింది. దాని కింద రాగి మీద ఆకుపచ్చ పొడి పేరుకుంది. వేలితో తాకితే రాలింది. జాయింటు కోసి కొత్తగా కట్టాలంటే మెరిసే రాగి కావాలి కదా. కేబుల్‌ను ఒక జానెడు వెనక్కి కోశాను. తీగలు లోపల నల్లగా ఉన్నాయి. ఇంకో జానెడు కోశాను. ఇంకా నల్లగానే ఉంది, ఒక పోగును గీరితే దాని వెనక తడి కూడా తగిలింది. దీపం వత్తి నూనెను లాగినట్టు సన్నని రాగి పోగుల మధ్య సందులు నీటిని లాగుతాయి. ఆ నీరు పై తొడుగు లోపల ఎవరికీ కనిపించకుండా మీటర్ల దూరం ప్రయాణిస్తుంది. నాలుగో కోతకు గానీ రాగి మెరవలేదు. రెండు దీపాలు ఎందుకు మళ్లీ మళ్లీ పాడయ్యాయో అప్పుడు అర్థమైంది. రెండూ ఈ బాక్సుకు దగ్గరివే. నీరు దీపం పైనుంచి రాలేదు, కేబుల్ లోపలి నుంచి వచ్చింది. దీపం ఎన్నిసార్లు మార్చినా ఆ దారి మూసుకోదు.

కొత్త బాక్సును నేల మీదికి తెచ్చి గోడకు బిగించాను. గ్లాండులన్నీ అడుగు వైపు ఉండేలా, ఒక్కో కేబుల్‌కు ఒక్కో గ్లాండు పెట్టాను. కేబుల్‌ను గ్లాండు కంటే కిందికి ఒక వంపు తిప్పి పైకి తెచ్చాను, జారే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోయేలా. జాయింట్లు జెల్ నింపిన కనెక్టర్లలో వేశాను. నాకు బాక్సు బిగుతు కన్నా జెల్ మీద నమ్మకం ఎక్కువ. గాలికి చోటు లేని జాయింటులోకి తేమ రాలేదు.

మళ్లీ కొలిస్తే 1.8 మెగా ఓమ్‌లు. నిర్ణయించిన కనీసం 1. దాటింది. ఆ సాయంత్రం దీపాలన్నీ మూడు గంటలు వెలిగించి చూసి వచ్చేశాను.

అదే నా తప్పు. కనీసం అంటే ఏమిటి? అంతకంటే తక్కువుంటే సర్క్యూటును వాడకూడదని. అది దాటినంత మాత్రాన ఆరోగ్యంగా ఉందని కాదు. కొత్త జాయింట్లు, పగుళ్లు లేని కేబుల్, 14 దీపాలున్న సర్క్యూటు ఆ పొడి మట్టిలో పదుల మెగా ఓమ్‌లు చూపించాలి. 1.8 రావడమంటే ఇంకెక్కడో ఏదో ఉందని. ఆ అంకె అడిగిన ప్రశ్న నాకు వినపడలేదు. నేను వెతుకుతున్న లోపం దొరికేసింది, లెక్క కుదిరిపోయింది, మనసు అక్కడితో తలుపు మూసేసింది.

మళ్లీ మొదలు

మూడు వారాల తర్వాత ఆవిడ ఫోను చేశారు. సాయంత్రాలు బాగున్నాయి, దీపాలు హాయిగా వెలుగుతున్నాయి. కానీ ఉదయం పూట మళ్లీ పడిపోతోంది.

‘ఉదయం తోట దీపాలు వేసి ఉన్నాయా అమ్మా?’ అని అడిగాను.

‘లేదు బాబూ. స్విచ్చు ఆపే ఉంది. నిన్న మీరు చెప్పినట్టే బోర్డులో తోట ఎంసీబీ కూడా దించాను. అయినా పోయింది.’

అయితే తోట కాదమ్మా, ఇంట్లో ఇంకేదో అయి ఉంటుంది అన్నాను. ఫోను పెట్టేసిన తర్వాత అన్నం ముందు కూర్చున్నాను కానీ ఆ మాట గొంతులో అడ్డుపడ్డట్టు ఉంది. నేను చెప్పింది తప్పు. ఇన్నేళ్ల పనిలో ఇతరులు చేస్తే సరిదిద్దే తప్పును నేనే ఫోనులో చెప్పాను.

వరండాలోని స్విచ్చు ఫేజును మాత్రమే తెంచుతుంది. ఆ బోర్డులోని ఎంసీబీ కూడా సింగిల్ పోల్‌ది, అదీ ఫేజును మాత్రమే తెంచుతుంది. రెండూ ఆపినా తోటలోని న్యూట్రల్ తీగ, ఇంటి న్యూట్రల్ పట్టీకి (బోర్డులో న్యూట్రల్ తీగలన్నీ కలిసే లోహపు పట్టీకి) అంటుకునే ఉంటుంది. భూమిలో ఎక్కడో ఆ న్యూట్రల్ ఎర్తుకు తగిలితే? ఇంట్లోని బరువైన పరికరాల కరెంటు న్యూట్రల్ పట్టీకి తిరిగి వచ్చినప్పుడు దానికి రెండు దారులు కనిపిస్తాయి. ఎక్కువ భాగం ఆర్‌సీసీబీ గుండా వెళ్తుంది. కొంత తోట న్యూట్రల్ వెంట నడిచి ఎర్తులోకి జారుకుంటుంది. ఆర్‌సీసీబీకి ఆ కొంత కనిపించదు. లెక్క తప్పిందని పడిపోతుంది. వెలగని దీపం వల్ల, ఆపి ఉన్న సర్క్యూటు వల్ల ఇల్లంతా చీకటవుతుంది.

ఎంసీబీ దించినా పడుతోంది కాబట్టి ఆ సర్క్యూటు నిర్దోషి అనే తీర్మానం మా పనిలో ఎంతో మందిని తప్పుదారి పట్టిస్తుంది. ఎంసీబీ దించితే పడటం ఆగింది అంటే లోపం అక్కడుందని చెప్పవచ్చు. ఆగలేదంటే ఏమీ చెప్పలేం. న్యూట్రల్ తీగను కూడా పట్టీ నుంచి ఊడదీసి చూస్తేనే తేలుతుంది.

పుస్తకంలో రాసిన ఎనిమిది రోజులు

వెంటనే వెళ్లలేదు. ఈసారి లోపాన్ని దాని సమయంలోనే పట్టుకోవాలనుకున్నాను. ఆవిడకు ఫోను చేసి నా మాట తప్పని చెప్పి, ఒక పని అడిగాను: పడిన ప్రతిసారీ సమయం, ఆ క్షణంలో ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో, అంతకు ముందు తోటలో ఎవరేం చేశారో రాయమని. పడని రోజులు కూడా రాయమన్నాను. పడని రోజుల నుంచే ఎక్కువ తెలుస్తుంది.

ఆవిడ శ్రద్ధగా రాశారు. ఎనిమిది రోజుల్లో ఐదుసార్లు పడింది. ఐదూ ఉదయం 6కూ 7:30కీ మధ్య. ఐదు రోజులూ తెల్లవారగానే మొక్కలకు పైపుతో నీళ్లు పెట్టారు, తర్వాత స్నానానికి నీళ్ల హీటరు వేశారు. మిగిలిన మూడు రోజుల్లో రెండు రోజులు నీళ్లు పెట్టారు గానీ హీటరు వేయలేదు. ఒక రోజు హీటరు వేశారు గానీ మొక్కలకు నీళ్లు పెట్టలేదు. ఆ మూడు రోజులూ పడలేదు.

ఆ కాగితం చూశాక నాకు మీటరుతో పెద్దగా పని లేదనిపించింది. నేల తడవాలి, ఇంట్లో బరువు పడాలి, రెండూ కలవాలి. వానలు ఆగాక ఆవిడ మళ్లీ పైపుతో నీళ్లు పెట్టడం మొదలుపెట్టారు, అందుకే మూడు వారాలు మౌనంగా ఉన్న లోపం నోరు విప్పింది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మట్టి పొడిగా ఉంది, అది 1.8 మెగా ఓమ్‌ల వెనక దాక్కుంది.

రెండో రాక

తెల్లవారుజామునే వెళ్లి పాదులన్నీ తడిసేలా నీళ్లు పెట్టించాను. తోట న్యూట్రల్‌ను పట్టీ నుంచి ఊడదీసి, దానికీ ఎర్తు పట్టీకీ మధ్య కొలిచాను. మెగ్గర్ సున్నా చూపింది. మల్టీమీటరు దాదాపు 60 ఓమ్‌లు.

తర్వాత బోర్డులోనే న్యూట్రల్ పట్టీకీ ఎర్తు పట్టీకీ మధ్య వోల్టేజీ చూశాను. ఇంట్లో చిన్నాచితకా మాత్రమే నడుస్తున్నప్పుడు 0.6 వోల్టు. హీటరు వేయగానే 2.8 వోల్టులు. 0.6ను 60తో భాగిస్తే 10 మిల్లీ ఆంపియర్లు, ఆర్‌సీసీబీ పట్టించుకోదు. 2.8ను భాగిస్తే 47, పడి తీరాలి. ఆవిడ కాగితం మీద రాసినదే మీటరు అంకెల్లో చెప్పింది.

ఇక చోటు పట్టుకోవడం. తొమ్మిది స్తంభాల గొలుసును మొదటి నుంచి ఒక్కొక్కటీ విప్పుకుంటూ వెళ్తే రోజంతా పడుతుంది, పైగా విప్పిన ప్రతి చోటా కొత్త జాయింటు వేయాలి. నడిమికి విరవడం మేలు. ఐదో స్తంభంలో కేబుల్ విడదీశాం. బోర్డు వైపు 45 మెగా ఓమ్‌లు, అవతలి వైపు అదే 60 ఓమ్‌లు. సగం తోట నిర్దోషి. ఏడో స్తంభం దగ్గర విడదీస్తే దాని అవతల అంతా బాగుంది. మిగిలింది ఆరో స్తంభం, దానికి అటూ ఇటూ ఉన్న కేబుల్ ముక్కలు.

విప్పడానికి ముందు స్తంభాన్ని కాసేపు చూశాను. కొంచెం వాలి ఉంది. పూల పాదు ఎత్తు పెంచినప్పుడు పోసిన మట్టి దాని పాదపు పలకను కప్పేసింది. నీళ్లు పెట్టినప్పుడల్లా అక్కడ చిన్న మడుగు కడుతోంది. పలకను పట్టి ఉంచిన నాలుగు బోల్టుల్లో ఒకటి మిగతావాటి కంటే లోతుకు దిగి ఉంది.

మీటరును తీగలకు తగిలించే ఉంచి, ఆ బోల్టును మెల్లగా విప్పమని కుర్రాడికి చెప్పాను. ఒక చుట్టు తిప్పాడు. 60 కాస్తా 75 అయింది. ఇంకో చుట్టు. 140. ‘అన్నా, ఎంత చూపిస్తోంది?’ అని తల ఎత్తకుండానే అడిగాడు. మూడో చుట్టుకు పలక కదిలింది, అంకె ఒక్కసారిగా కిలో ఓమ్‌లలోకి ఎగిరింది. పలకను వేలెడు పైకి ఎత్తి, అంచు తుడిచి మెగ్గర్ పెడితే 30 మెగా ఓమ్‌లు.

పలక అంచు కింద కేబుల్ నలిగి చదునైంది. పై తొడుగు చిట్లింది. లోపల న్యూట్రల్ తీగ మీద ఆవగింజంత చోట రాగి బయటపడి ఉంది, అంతే. పొడిగా ఉన్నప్పుడు ఆ చుక్కకూ లోహానికీ నడుమ తుప్పు పొర, పాత రంగు అడ్డుగా ఉండేవి. తడిస్తే ఆ పొరే దారి అయ్యేది. బిగించిన రోజు కేబుల్ అరచుట్టు అటు తిరిగి ఉంటే ఆ చుక్క ఫేజు తీగ మీద పడేది.

ఆ ఆలోచన రాగానే ఇంకో కొలత చేయాలనిపించింది, నిజానికి మొదటి రోజే చేయాల్సింది. బోర్డులోని ఎర్తు పట్టీ నుంచి ప్రతి స్తంభం ఒంటికీ కొనసాగింపు, అంటే ఎర్తు తీగ తెగకుండా కలిసి ఉందో లేదో, చూశాను. ఎనిమిది స్తంభాలకు 1 ఓమ్ లోపే. నాలుగో స్తంభానికి అసలు లేదు. విప్పి చూస్తే దాని ఎర్తు తీగను కత్తిరించి, కొసను మడిచి, టేపు చుట్టి పెట్టారు. ఎవరో ఎప్పుడో ఈ స్తంభాన్ని అనుమానించి, ఎర్తు తీసేస్తే ఆర్‌సీసీబీ పడటం ఆగుతుందని చేసిన పని. అప్పటికి మట్టి ఆరి ఉంటుంది, పడటం ఆగే ఉంటుంది, బాగైందని అనుకుని ఉంటారు. ఆ స్తంభంలో ఏ లోపమూ లేదు. కానీ దానిలో ఎప్పుడైనా ఫేజు లోహానికి తగిలితే ఆ కరెంటుకు ఎర్తు దారి లేదు, ఎవరైనా ముట్టుకునే దాకా స్తంభం ఒంట్లోనే కాచుకుని ఉంటుంది. ఆ స్తంభం దారి మలుపులో ఉంది. పిల్లలు పట్టుకుని తిరిగే చోటు. నా మొదటి రాక తర్వాత మూడు వారాలు అది అలాగే ఉంది. ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధించేది ఆ మూడు వారాలే.

చేసిన మార్పులు

నలిగిన ముక్కను తీసేసి కొత్త కేబుల్ వేశాను. పలక కింద నుంచి కాకుండా దాని నడిమి రంధ్రం గుండా, గొట్టంలో తెచ్చాను. రంధ్రం అంచుకు రబ్బరు వలయం తొడిగాను. స్తంభాన్ని మట్టి కంటే నాలుగు వేళ్లు ఎత్తుగా కాంక్రీటు దిమ్మె మీద నిలిపాను. మిగతా ఎనిమిది పలకల అంచులు కూడా ఎత్తి చూశాం. ఒకచోట కేబుల్ నొక్కుకుని ఉంది గానీ తొడుగు చిట్లలేదు. దాన్నీ మార్చాం. నాలుగో స్తంభం ఎర్తు తిరిగి కలిపి కొలిచాను.

బోర్డులో తోటకు విడిగా, ఇంటి ఆర్‌సీసీబీ గుండా పోకుండా దానికి ముందు నుంచే కరెంటు తీసుకునేలా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ (ఆర్‌సీసీబీ, ఎంసీబీ పనులు రెండూ చేసే పరికరం) పెట్టాను, ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంచే రకం. లోపాన్ని ఇది ఆపదు, దాని ప్రభావాన్ని తోటకే కట్టిపడేస్తుంది. ఇకపై తోటలో ఏం జరిగినా ఇల్లు చీకటి కాదు, పడింది ఏదో చూస్తే లోపం ఎటువైపో తెలిసిపోతుంది. వరండా స్విచ్చును కూడా డబుల్ పోల్‌ది చేశాను. ఆపితే పూర్తిగా ఆగాలి.

అన్నీ తీసేసి 12 వోల్టుల దీపాలు పెట్టేస్తే ఈ బాధే ఉండదు కదా అని ఆవిడ అడిగారు. మంచి ప్రశ్న. షాకు భయం తగ్గుతుంది, నిజమే. కానీ ఉన్న కేబుల్ 1.5 చదరపు మిల్లీమీటర్లది, చివరి దీపం 40 మీటర్ల దూరంలో ఉంది. ఆ మందం రాగికి కిలోమీటరుకు 12.1 ఓమ్‌లు. రానూ పోనూ 80 మీటర్లకు దాదాపు 1 ఓమ్. మొత్తం 60 వాట్ల దీపాలకు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలి. అంతా చివరి దాకా వెళ్లిందనుకుంటే దారిలోనే 5 వోల్టులు పోతాయి. దీపాలు మధ్యమధ్యలో ఉంటాయి కాబట్టి నిజంలో నష్టం కొంత తగ్గినా, చివరి స్తంభాలు మసకగానే వెలుగుతాయి. కేబులంతా మార్చాలి. పైగా తడిసిన జాయింటు 12 వోల్టుల దగ్గర కూడా తుప్పు పడుతుంది. ఆ తోటకు అది అవసరం లేదన్నాను.

ఇప్పుడు నేను మార్చుకున్నది

ఆర్‌సీసీబీ పడుతోందని ఎవరైనా ఫోను చేస్తే ఇప్పుడు మొదట అడిగేది ఎక్కడ అని కాదు, ఎప్పుడు అని. ఏమేం ఆపి ఉన్నప్పుడు కూడా పడిందని. ఇంటివాళ్లు చెప్పిన మాటల్లో నా ఊహకు సరిపోని మాట ఏదైనా ఉంటే దాని కింద గీత గీసి వదలను. అది తేలేదాకా పని అయిపోలేదని రాసుకుంటాను. ఈ కేసులో ఆ మాట మొదటి రోజే నా చెవిన పడింది.

మరమ్మతు తర్వాత వచ్చిన అంకెను కనీసంతో పోల్చి వదిలేయను. ఇలాంటి సర్క్యూటుకు ఎంత రావాలో ముందే ఒక అంచనా వేసుకుని దానితో పోలుస్తాను. వీలైతే నేల తడిపి మళ్లీ కొలుస్తాను. బయటి లోహపు దీపాలు ఉన్న ఇంట్లో, ఫిర్యాదు ఏదైనా సరే, ప్రతి దీపం ఒంటికి ఎర్తు ఉందో లేదో చూడకుండా తిరిగి రాను.

సొంతంగా చూసుకుందామనుకునే ఇంటివాళ్లకు ఒక హెచ్చరిక. సమయాలు రాయడం, మెయిన్ ఆపడం, ఏ స్తంభం వాలిందో, ఎక్కడ నీరు నిలుస్తోందో చూడటం మీరు చేయగలరు, చేస్తే ఎంతో సాయం. స్విచ్చు ఆపామన్న ధైర్యంతో స్తంభం మూత మాత్రం విప్పకండి. ఆ స్విచ్చు ఏ తీగను తెంచుతోందో, ఏ తీగను వదిలేసిందో బయటికి కనిపించదు.

పని పూర్తయ్యాక, పాదులు తడిసి ఉండగానే తోట సర్క్యూటు మొత్తం 22 మెగా ఓమ్‌లు చూపించింది. ఆ అంకెనూ తేదీనీ ఒక చీటీ మీద రాసి బోర్డు తలుపు లోపల అంటించాను. మూడు నెలల తర్వాత, రెండు రోజులు వాన కురిసిన మర్నాడు వెళ్లి కొలిస్తే 19. దాన్ని కింది వరుసలో రాశాను. ఆ చీటీలో ఇంకా ఆరు వరుసలు ఖాళీగా ఉన్నాయి.